చిత్ర విమర్శ – సహృదయ దృష్టి

పాఠ్యాంశ పరిచయం

నేటి కళలలో సినిమా అత్యధిక జనానికి చేరువైనది. పద్యం చదవని వారు, నాటకం చూడని వారు ఉంటారు కాని సినిమా చూడని వారు అరుదు. అయితే చూసిన చిత్రాన్ని గురించి "బాగుంది", "బాగాలేదు" అన్న రెండు మాటలకు మించి కారణాలతో మాట్లాడగలిగేవారు తక్కువ. ఆ కారణాలను వెదకి చెప్పే విద్యయే విమర్శ. పౌరాణికం, సాంఘికం, సంగీతప్రధానం, వాస్తవికం, జానపదం ఇలా భిన్నమైన చిత్రాలను ఒక విమర్శకుడు ఏ దృష్టితో చూడాలో, తన అభిప్రాయాన్ని ఏ విధంగా నిలబెట్టుకోవాలో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

సినిమా పాశ్చాత్య దేశాలలో పుట్టి మనకు వచ్చిన కళ. కాని ప్రదర్శనను చూసి, దానిని గురించి ముచ్చటించుకొని, మెచ్చదగిన చోట మెచ్చి, ఆక్షేపింపదగిన చోట ఆక్షేపించే అలవాటు మనకు పరాయిది కాదు. ఇందుకు ఓరుగల్లు వీథులే సాక్ష్యం. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత రచన 'ప్రేమాభిరామా'న్ని అనుసరించి, వినుకొండ వల్లభరాయని పేర వెలసిన 'క్రీడాభిరామం' అనే వీథి రూపకంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక దినమంతా ఈ నగరంలో తిరుగుతారు. పలనాటి వీరుల కథాగానం వింటారు. పొట్టేళ్ళ పోరు, కోడిపందెం చూస్తారు. చూసిన ప్రతిదానిపైనా వ్యాఖ్యానిస్తారు. వారిలో ఒకడు బ్రాహ్మణుడు, మరొకడు వైశ్యుడు. ఇద్దరి అభిరుచులూ ఒకటి కావు. అయినా వారి సంభాషణ వల్లనే నాటి ఓరుగల్లు మన కళ్ళకు కడుతుంది. మంచి ప్రేక్షకుడు లేనిదే ప్రదర్శనకు పూర్ణత్వం లేదని ఈ కావ్యం నిరూపిస్తుంది.

భరతముని ఈ విషయాన్ని నాట్యశాస్త్రంలో శాస్త్రీయంగా చర్చించాడు. ఉత్తమ ప్రేక్షకుడు ఇంద్రియపటుత్వం కలవాడై, ఊహాపోహలు తెలిసినవాడై, పక్షపాతం లేనివాడై ఉండాలన్నాడు. పాత్ర సంతోషించినప్పుడు సంతోషించి, దుఃఖించినప్పుడు దుఃఖించగలవాడే ప్రేక్షకుడని నిర్ణయించాడు. అంతటితో ఆగలేదు. ప్రదర్శనలో వివాదం వస్తే తీర్పు చెప్పడానికి 'ప్రాశ్నికులు' అనే పదిమందిని పేర్కొన్నాడు. యజ్ఞవిధి తెలిసినవాడు, నర్తకుడు, ఛందోవేత్త, వ్యాకరణవేత్త, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు ఆ పదిమంది. ఒక్కొక్కరు తమకు తెలిసిన అంశంపైనే తీర్పు చెప్పాలి. యజ్ఞఘట్టాన్ని గురించి యజ్ఞవేత్త, యుద్ధఘట్టాన్ని గురించి విలుకాడు, పాటను గురించి గాయకుడు మాట్లాడాలి. తెలియని విషయంలో తీర్పు చెప్పరాదనే నియమం ఇందులో ఇమిడి ఉంది. సినిమా సాహిత్యం, సంగీతం, నటన, చిత్రలేఖనం, ఛాయాగ్రహణం కలిసిన కళ. కనుక చిత్ర విమర్శకుడు ఆ పదిమంది బాధ్యతనూ ఒక్కడే మోయవలసి వస్తుంది. అందువల్లనే ఆ పని కఠినమైనది.

భరతుడే మరొక సత్యం కూడ చెప్పాడు. యువకులకు శృంగారం, శూరులకు వీరరౌద్రాలు, విరాగులకు మోక్షకథలు, వృద్ధులకు పురాణగాథలు ప్రీతిని కలిగిస్తాయి. అందరినీ ఒకే ప్రదర్శన ఒకే విధంగా అలరించదు. దీనినిబట్టి అన్ని చిత్రాలనూ ఒకే కొలబద్దతో కొలవడం అన్యాయమని గ్రహించవచ్చు.

తెలుగులో చిత్ర విమర్శకు ఆద్యంతాలు చెప్పడం ఈ పాఠం పరిధి కాదు. అయినా నాలుగు మార్గాలను తెలుసుకోవడం అవసరం. ప్రసిద్ధ కథకులు కొడవటిగంటి కుటుంబరావు (1909–1980) సినిమాపై విస్తారంగా వ్యాసాలు రాశారు. సాహిత్యాన్ని పరిశీలించినంత శ్రద్ధతో సినిమాను పరిశీలించవచ్చునని ఆ కృషి తెలుపుతుంది. ముళ్ళపూడి వెంకటరమణ (1931–2011) ఆంధ్రపత్రికలో పనిచేస్తూ చిత్ర సమీక్షలు రాశారు. అనంతరం ఆయనే చిత్రరచయితగా మారి, బాపు దర్శకత్వంలో 'సాక్షి' (1967), 'ముత్యాల ముగ్గు' (1975) వంటి చిత్రాలకు రచన చేశారు. ఇతరుల చిత్రాలను తూచినవాడు తన చిత్రాన్ని కూడ అదే త్రాసులో పెట్టడానికి సిద్ధపడటం ఇక్కడ గమనింపదగినది.

మూడవది పరిశోధన మార్గం. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలయిందని చాలాకాలం చెప్పుకొన్నారు. రెంటాల జయదేవ ఆధారాలను వెలికితీసి, ఆ చిత్రానికి 1932 జనవరి 22న సెన్సారు ధ్రువపత్రం లభించిందనీ, ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలయిందనీ నిరూపించారు. అభిప్రాయానికి ముందు ఆధారం ఉండాలనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు. నాలుగవది శాస్త్రజ్ఞాన మార్గం. చలనచిత్ర గీతాలలోని శాస్త్రీయ రాగాలను గురించి 'మిసిమి' మాసపత్రికలో రాసిన పురుషోత్తమాచార్యులకు 2021వ సంవత్సరానికి ఉత్తమ సినీ విమర్శకునిగా జాతీయ పురస్కారం లభించింది. సామాజిక పరిశీలన, రచనానుభవం, పరిశోధన, శాస్త్రజ్ఞానం ఈ నాలుగూ విమర్శకు నాలుగు స్తంభాలు.

ఈ స్తంభాలపై నిలిచిన విమర్శకుడు ఏ చిత్రాన్ని చూసినా తనను తాను రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ చిత్రం సాధింపదలచినదేమిటి, దానిని సాధించిందా? ఇది మొదటి ప్రశ్న. సాధింపదలచినది సాధింపదగినదేనా? ఇది రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్న కళకు సంబంధించినది. రెండవది లోకానికి సంబంధించినది. మొదటిది విడిచిపెట్టినవాడు ఉపదేశకుడవుతాడు. రెండవది విడిచిపెట్టినవాడు స్తుతిపాఠకుడవుతాడు. ఈ రెండు ప్రశ్నలను భిన్నమైన కొన్ని చిత్రాలకు అన్వయించి చూద్దాం.

కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన 'మాయాబజార్'లోని శశిరేఖా పరిణయ గాథ వ్యాసభారతంలో లేదు. భారత పాత్రలతో కథ నడిచినా పాండవులు తెరపై కనిపించరు. మూలంలో లేదన్న కారణంతో ఈ చిత్రాన్ని తప్పుపట్టడం విమర్శ కాదు. ఇది జనం నోట పెరిగిన పురాణకథ. పెళ్ళివారి హడావిడి, వియ్యాలవారి పట్టింపులు, విందుభోజనాల సంబరం మొదలైన తెలుగు గృహస్థ జీవితాన్ని ద్వారకలో ప్రతిష్ఠించడం దీని ఆశయం. పింగళి నాగేంద్రరావు మాటలు, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం ఆ ఆశయాన్ని సాధించాయి. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన ఘట్టాలలో సావిత్రి అభినయాన్ని పరిశీలించండి. దేహం సుకుమారి అయిన కన్యది, చూపూ నడకా రాక్షసునివి. హాస్యరసం ఇక్కడ మాటవల్ల కాక ఆంగికాభినయం వల్ల పుట్టింది. ఇట్లా కారణం చూపినప్పుడే "సావిత్రి బాగా నటించింది" అన్న మాట విమర్శ అవుతుంది.

గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం వహించిన 'మాలపిల్ల' (1938) వేరొక కోవకు చెందినది. చలం కథకు తాపీ ధర్మారావు సంభాషణలు రాశారు. దళిత యువతి, బ్రాహ్మణ యువకుల ప్రేమ ఇందులో ఇతివృత్తం. తిరువాన్కూరు సంస్థానంలో ఆలయప్రవేశ ప్రకటన 1936లో, మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశ చట్టం 1939లో వచ్చాయి. ఆ రెండింటి నడుమ ఈ చిత్రం విడుదలయిందని గుర్తుంచుకుంటే దాని సాహసం ఎంతటిదో బోధపడుతుంది. నేటి కంటికి నటనలో నాటకపు పోకడలు, ప్రసంగాల దైర్ఘ్యం కనిపించవచ్చు. దళితుల అభ్యున్నతికి అగ్రవర్ణ సంస్కర్తలే దారి చూపాలన్న నాటి దృక్పథం నేడు చర్చనీయమే. గుణాన్ని కాలం దృష్ట్యా గుర్తించడం, పరిమితిని దాచకుండా చెప్పడం రెండూ విమర్శకుని ధర్మాలు.

శరత్‌చంద్రుని నవల ఆధారంగా వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వచ్చిన 'దేవదాసు' (1953) కరుణరసానికి ప్రసిద్ధి పొందింది. మొదటి ప్రశ్నకు ఈ చిత్రం నిస్సంశయంగా సమాధానం చెబుతుంది. అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రుల అభినయం, సి.ఆర్. సుబ్బరామన్ సంగీతం ప్రేక్షకుని హృదయాన్ని ఆర్ద్రం చేస్తాయి. రెండవ ప్రశ్న దగ్గర ఆగవలసి ఉంది. దేవదాసు పతనానికి కారణం ప్రేమ వైఫల్యమా? తల్లిదండ్రులను ఎదిరించలేని అతని పిరికితనమా? కథను శ్రద్ధగా చూసినవారికి రెండవదే నిజమని తోస్తుంది. కాని చిత్రంలోని మధురమైన విషాదం వల్ల ఆ పిరికితనం మరుగున పడి, మద్యపానానికి ఒక గౌరవం ఏర్పడింది. తరతరాల యువకులు దేవదాసును జాలిపడదగినవానిగా కాక అనుసరింపదగినవానిగా భావించారు. కళ ఎంత శక్తిమంతమైతే దాని ఫలితాన్ని అంత జాగ్రత్తగా పరీక్షించాలి.

కళల తారతమ్యాన్ని గురించి కాకతీయుల కాలంలోనే మన నగరంలో ఒక ఉదార దృష్టి ఉండేది. గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయప సేనాని క్రీ.శ. 1253–54 ప్రాంతంలో సంస్కృతంలో 'నృత్తరత్నావళి' రచించాడు. ఎనిమిది అధ్యాయాల ఆ గ్రంథంలో మొదటి నాలుగు అధ్యాయాలు మార్గపద్ధతికి, తక్కిన నాలుగు దేశిపద్ధతికి కేటాయించాడు. శాస్త్రనిబద్ధమైనది మార్గం, జనజీవనంలో పుట్టినది దేశి. రెండింటికీ సమాన స్థానం ఇచ్చిన ఆ దృష్టి నేటి చిత్ర విమర్శకునికి ఆదర్శప్రాయం.

కె. విశ్వనాథ్ 'శంకరాభరణం' (1980) మార్గపద్ధతిని గౌరవించిన చిత్రం. ప్రసిద్ధ కథానాయకుడు లేకుండా, వయసు మీరిన సంగీత విద్వాంసుని కథగా నడిచి జనాదరణ పొందింది. సంగీత దర్శకత్వానికి కె.వి. మహదేవన్, నేపథ్యగానానికి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం జాతీయ పురస్కారాలు అందుకున్నారు. శాస్త్రీయ సంగీతంపై సామాన్యునికి గౌరవం కలిగించాలన్న ఆశయం నెరవేరింది. అయితే సహృదయుడు ఒక ప్రశ్న అడగవచ్చు. వేశ్యాకులంలో పుట్టిన తులసి స్వయంగా నర్తకి. ఆమె కళ ఏమయింది? గురువుపట్ల ఆమె భక్తిని చిత్రం ఎంతో ఉదాత్తంగా చూపింది. ఆమెను కళాకారిణిగా మాత్రం వికసించనీయలేదు. ఈ ప్రశ్న వేసినంత మాత్రాన చిత్రం విలువ తగ్గదు. దానిని మరింత లోతుగా చూసినట్లవుతుంది.

తులసి దగ్గర వేసిన ప్రశ్నకు మరొక విధంగా జవాబు చెప్పినట్లు కనిపించే చిత్రం బి. నర్సింగరావు 'దాసి' (1988). తెలంగాణలో దొరల పెత్తనం సాగిన రోజుల్లో, పెళ్ళికూతురి వెంట గడీకి దాసిగా వచ్చిన కమలాక్షి జీవితం ఇందులో ఇతివృత్తం. సంభాషణలు స్వల్పం. గడీ గోడలు, నడవాలు, ఎడతెగని చాకిరీ కథను చెబుతాయి. దాసి గర్భవతి అయినప్పుడు ఆ గర్భాన్ని ఉంచుకొనే హక్కు కూడ ఆమెకు లేదని తెలిసే ఘట్టంలో ప్రేక్షకునికి ఊపిరాడదు. 'మాయాబజార్'కు మాట ప్రాణం, 'దాసి'కి మౌనం ప్రాణం. పాటలు లేవు, వేగం లేదు అని ఈ చిత్రాన్ని ఆక్షేపించడం మల్లెపూవులో మామిడిపండు రుచి లేదని ఆక్షేపించినట్లే. కమలాక్షిగా నటించిన అర్చనకు ఉత్తమ నటి పురస్కారంతోపాటు ఈ చిత్రానికి మొత్తం ఐదు జాతీయ పురస్కారాలు లభించాయి. కళా దర్శకత్వానికి పురస్కారం పొందిన తోట వైకుంఠం ప్రసిద్ధ చిత్రకారులు. ప్రాశ్నికులలో చిత్రకారుణ్ణి భరతుడు ఎందుకు చేర్చాడో ఇక్కడ అర్థమవుతుంది.

దేశిపద్ధతికి ఇటీవలి ఉదాహరణ వేణు యెల్దండి 'బలగం' (2023). ఒక పల్లెలో వృద్ధుడు మరణిస్తాడు. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. విందులో నల్లిబొక్క దగ్గర మొదలైన చిన్న పట్టింపు వల్ల ఏళ్ళ తరబడి విడిపోయిన కుటుంబం ఆ చావు ముందర తలవంచుకొని నిలబడుతుంది. చివరి ఘట్టంలో కథాగానం చేసినవారు వరంగల్లు జిల్లా దుగ్గొండికి చెందిన బుడగ జంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. మొగిలయ్య 2024లో కన్నుమూశారు. వారి పాట విన్న పాత్రలతోపాటు ప్రేక్షకులూ కంటతడి పెట్టారు. తలగడ కింద దాచుకున్న పాత వస్తువు వంటిది ఆ పాట. మనదని మరచిపోయి ఉంటాం, చేతికి తగలగానే గుర్తుపడతాం. ఈ చిత్రాన్ని కూడ రెండవ ప్రశ్న విడిచిపెట్టదు. అన్నదమ్ములకూ బావకూ పడిన తగవులో పుట్టింటికి దూరమయినది ఆడబిడ్డ. మగవారు రాజీపడేవరకు ఆమె ఎందుకు వేచి ఉండాలి? చిత్రం ఆమె దుఃఖాన్ని చూపింది. ఆ దుఃఖం వెనుక ఉన్న కట్టుబాటును ప్రశ్నించే పని ప్రేక్షకునికి మిగిల్చింది.

భారీ చిత్రాలను చిన్నచూపు చూడటం కూడ ఒక పక్షపాతమే. ఎస్.ఎస్. రాజమౌళి 'బాహుబలి' రెండు భాగాలు (2015, 2017) అద్భుత వీర రసాలను ఆశించి, ఆ ఆశయాన్ని సాధించాయి. జలపాతాలను, కోటలను, సేనావ్యూహాలను తెరపై నిర్మించిన తీరు ప్రశంసనీయం. కాని నల్లని మేనితో, అర్థంకాని భాషతో కనిపించే కాలకేయులను కేవలం క్రూరమృగాల వలె చిత్రించడం ఉచితమా? నలుపు రంగునూ, తెలియని భాషనూ అనాగరికతకు చిహ్నాలుగా చూపే పాత అలవాటు ఇందులో కొనసాగింది. ఆదివాసులు అధికంగా నివసించే ప్రాంతంలో ఉన్న మనకు ఈ ప్రశ్న మరింత సన్నిహితమైనది. క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి జీవమన్నాడు. అద్భుతరసానికి కూడ ఔచిత్యం నుండి మినహాయింపు లేదు.

నేడు చిత్రాల విలువను నిర్ణయించడానికి మూడు తప్పుడు కొలమానాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది వసూలు. ఎంతమంది చూశారో వసూలు చెబుతుంది, ఏమి చూశారో చెప్పదు. రెండవది పురస్కారం. పురస్కారం విమర్శకు ప్రారంభం కావచ్చును కాని ముగింపు కాదు. మన ప్రాంతానికి చెందిన చంద్రబోస్ 'ఆర్ఆర్ఆర్' గీతానికి కీరవాణితో కలిసి 2023లో ఆస్కారు అందుకోవడం గర్వకారణం. అయినా ఆ పాటలో పదం, లయ, నృత్యం ఏ విధంగా ఒదిగాయో వివరించే బాధ్యత మనపై మిగిలే ఉంది. మూడవది వీరాభిమానం. అభిమాన నటుని చిత్రం విడుదలయిన నాడు మొదటి ఆట ముగియకముందే తీర్పులు వెలువడతాయి. ఒక నటుణ్ణి విమర్శించినందుకు తోటి విద్యార్థితో మాటలు మానుకొన్న సంఘటనలు కళాశాలల్లో కొత్తవి కావు. రాగద్వేషాలతో చూసేవాడికి తెరపై తన రాగద్వేషాలే కనిపిస్తాయి, చిత్రం కనిపించదు.

విమర్శకుడు నటులకు గాని నిర్మాతలకు గాని శత్రువు కాదు. వందలాది మంది శ్రమించి నిర్మించిన కృతిని ఒక్క వాక్యంతో కొట్టివేసేవాడు ఆ శ్రమను అవమానిస్తున్నాడు. లోపాన్ని కప్పిపుచ్చి పొగిడేవాడు కూలి డబ్బు వెచ్చించి టికెట్టు కొన్న ప్రేక్షకుణ్ణి మోసగిస్తున్నాడు. ఈ రెండు అన్యాయాల నడుమ ఉన్న సన్నని దారి విమర్శ.

మీరు ఇకపై ఒక చిత్రం చూసినప్పుడు నచ్చిన ఒక ఘట్టాన్ని ఎన్నుకోండి. అందులో ఏమి జరిగిందో మొదట ఉన్నదున్నట్లు రాయండి. అది మాట వల్ల నచ్చిందా, మౌనం వల్లనా, అభినయం వల్లనా, సంగీతం వల్లనా అని విడదీసి చూడండి. నచ్చని ఘట్టాన్ని కూడ అదే ఓర్పుతో పరిశీలించండి. మీ అభిప్రాయంతో ఏకీభవించని మిత్రునికి దానిని వినిపించి, అతడు చూపే కారణాలను వినండి. మీ మాట మారినా, మారకపోయినా, ఆ చిత్రాన్ని మీరు మొదటిసారి నిజంగా చూసినవారవుతారు.

కఠిన పదాలు – అర్థాలు

సహృదయుడు : కవి లేక కళాకారుని హృదయాన్ని గ్రహించగల రసజ్ఞుడు
ప్రాశ్నికులు : ప్రదర్శన గుణదోషాలను నిర్ణయించేవారు
ఊహాపోహలు : అనుకూల ప్రతికూల తర్కాలు
కొలబద్ద : కొలిచే సాధనం, ప్రమాణం
ఆంగికాభినయం : అవయవాల కదలికతో చేసే అభినయం
ఆర్ద్రం : తడిసినది, కరిగినది
దైర్ఘ్యం : పొడవు
గడీ : దొర నివసించే కోటవంటి భవనం
ఔచిత్యం : తగినదై ఉండటం

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూపంలో సమాధానాలు రాయండి.
1. చిత్ర విమర్శకుడు వేసుకోవలసిన రెండు ప్రశ్నలేవి? వాటిని పాఠంలోని రెండు చిత్రాలకు అన్వయించి వివరించండి.
2. మార్గ, దేశి పద్ధతుల భేదాన్ని తెలిపి, 'శంకరాభరణం', 'బలగం' చిత్రాలను పోల్చండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. భరతుడు చెప్పిన ప్రాశ్నికులను గురించి రాయండి.
2. 'మాలపిల్ల' చిత్రాన్ని కాలం దృష్ట్యా ఎట్లా అంచనా వేయాలి?
3. చిత్రాల విలువను నిర్ణయించడంలో వాడుకలో ఉన్న తప్పుడు కొలమానాలేవి?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు చూసిన మిత్రులెవరు?
2. 'నృత్తరత్నావళి' కర్త ఎవరు?
3. 'దాసి' చిత్ర దర్శకులెవరు?

ఈ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "ఎంతమంది చూశారో వసూలు చెబుతుంది, ఏమి చూశారో చెప్పదు."
2. "'మాయాబజార్'కు మాట ప్రాణం, 'దాసి'కి మౌనం ప్రాణం."

ఉ) విడదీసి సంధి పేరు రాయండి : ఆంగికాభినయం, అభ్యున్నతి, వీరాభిమానం.

ఊ) విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి : రాగద్వేషాలు, గుణదోషాలు, జనజీవనం.

ఋ) మీరు ఇటీవల చూసిన ఒక చిత్రంలోని ఒకే ఒక ఘట్టాన్ని గురించి, చిత్రంలోని ఆధారాలు చూపుతూ, ఇరవై పంక్తులలో సమీక్ష రాయండి.